కొన్న పచ్చడి తిన్న ఏడాది

“ఆ ఏడాది మేము కొన్న ఐవార్ తిన్నాం,” అంటాడు జీవొరాద్. ఇంటికి ఎవరొచ్చినా, మాట అతని భార్య ఒలివేరా ఆరోగ్యం మీదికి మళ్ళిందంటే ఈ ముక్క పడాల్సిందే. అనేసి రాకియా సారా గ్లాసు బల్ల మీద పెట్టి తల అడ్డంగా ఊపుతాడు. విన్నవాళ్ళు అయ్యో పాపం అంటారు. ఆ ఏడాది ఒలివేరాకి ఎడమ రొమ్ము తీసేశారు. చంకలో గ్రంథులు తీసేశారు. కనుబొమలతో సహా జుట్టంతా ఊడింది, నోరంతా పూసి మంచినీళ్ళు కూడా మంటగా ఉండేవి. అయితే ఇవన్నీ చెప్పాలంటే జబ్బు పేరు ఎత్తాలి, వాళ్ళ ఊళ్ళో దాని పేరు ఎవరూ ఎత్తరు. “ఆ జబ్బు” అంటారు, అదీ గొంతు తగ్గించి. అందుకని ఆ ఇంటి కష్టమంతా చివరికి కొన్న పచ్చడి కింద తేలింది. పచ్చడి తిన్నవాళ్ళ మీద జాలి పడి చుట్టాలు వెళ్ళిపోతారు. గ్లాసులు ఒలివేరా కడుగుతుంది.

ఐవార్ అంటే కారం లేని, కండగల పెద్ద ఎర్రమిరపకాయల నిలవ పచ్చడి. లెస్కొవాత్స్ చుట్టుపక్కల ఏ ఇంటి పరువైనా ఆ సీసాల్లోనే ఉంటుంది. సెప్టెంబరులో బస్తాలకొద్దీ కాయలు దిగుతాయి. కాల్చడం మగవాళ్ళ వంతు. పెరట్లో పొయ్యి చుట్టూ చేరి, ఒక చేతిలో గ్లాసు, ఇంకో చేతిలో పట్టకారు పట్టుకుని, రాజకీయాలు మాట్లాడుకుంటూ కాలుస్తారు. అదయ్యాక జీవొరాద్ “మా ఐవార్ అయిపోయింది” అని వీధిలో చాటి వెళ్ళి పడుకుంటాడు. అసలు పని అప్పుడు మొదలవుతుంది. వేళ్ళు చురుక్కుమంటున్నా తొక్క ఒలవాలి, గింజలు తియ్యాలి, రుబ్బాలి. ఆ ముద్దనంతా గుండిగలో వేసి, నూనె పోసి, సన్నసెగ మీద పొద్దు వాలేదాకా తెడ్డుతో తిప్పాలి. ఆపకూడదు. ఆపితే అడుగంటుతుంది, అడుగంటితే అత్తగారు రూజా ఊరుకోదు. ఆవిడ పొయ్యికి ఎదురుగా కుర్చీ వేసుకుని, మోకాళ్ళమీద శాలువా కప్పుకుని కూర్చుంటుంది. “తిప్పు. తెడ్డు లాగితే వెనకాల దారి పడాలి. పడిందా? ఎక్కడ పడింది? తిప్పు, తిప్పు.” ఒకప్పుడు తను తిప్పింది కాబట్టి ఇప్పుడు తిప్పించే హక్కు తనది. ఈ లెక్కన ఒలివేరాకి వంతు వచ్చేటప్పటికి తిప్పించడానికి మనిషి ఉండదు. కూతురు దూన్యా నోవీసాద్‌లో కాపురం ఉంది. “అమ్మా, సీసాలు బస్సులో వేసెయ్, డ్రైవరుకి చెప్పు జాగ్రత్తని,” అంటుంది ఫోనులో. తెడ్డు మొహం చూడదు. కూతుర్ని తప్పుపట్టడానికి ఒలివేరాకి మనసొప్పదు, ఆ వయసులో తనకీ ఆ తెలివి ఉంటే బాగుండేదనుకుంటుంది.

ఆపరేషనై ఇంటికొచ్చిన రోజున రూజా కోడల్ని పక్కమీద కూర్చోబెట్టి, వీపు వెనక దిండు సర్ది, శిలువ గుర్తు వేసుకుని అన్న మొదటి మాట, “పోనీలే అమ్మాయ్, ఎడమ పక్కేగా. దేవుడి దయవల్ల కుడిచెయ్యి బాగుంది.” ప్రేమగానే అంది. అందుకే అది ఒలివేరాకి ఈనాటికీ మింగుడుపడలేదు. కసిగా అనుంటే అప్పుడే దులిపేసేది. ఆవిడ నిజంగానే ఊరటపడుతూ, కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ అంది. తను పనిచేసే పోస్టాఫీసులోనూ ఇలాంటి ప్రేమే. వైద్యమంతా అయి తిరిగి పనిలో చేరితే, ముందు కౌంటరులో ఆమె కుర్చీలో ఇంకో అమ్మాయి కూర్చుని ఉంది. “నీ సుఖం కోసమే, ఒలివేరా. వెనక గదిలో ఉత్తరాలు వేరుచేసుకో, ప్రశాంతంగా ఉంటుంది,” అన్నాడు పై అధికారి, ఆమె తలకి కట్టుకున్న రుమాలు వైపు చూడకుండా. జుట్టు ఒత్తుగా మళ్ళీ వచ్చింది. కుర్చీ మాత్రం రాలేదు. వెనక గదిలో పార్సిళ్ళు కూడా ఉంటాయి, వాటి బరువు సంగతి ఎవరికీ గుర్తులేదు. ఎడమచేత్తో బరువెత్తొద్దని, ఎత్తితే మోచేతిదాకా వాస్తుందని ఆసుపత్రిలో మరీమరీ చెప్పారు. ఇంట్లోనూ ఆఫీసులోనూ అందరూ తలలూపి విన్నారు. కుడిచెయ్యి ఉందిగా.

ఈ ఏడాది జీవొరాద్ ఎప్పటికన్నా ఒక బస్తా కాయలు ఎక్కువే తెచ్చాడు. “నీకిప్పుడు పూర్తిగా బాగైందిగా,” అన్నాడు, బహుమానం ఇచ్చినవాడిలా. మిరపకాయల తర్వాత టమాటాలు, టమాటాల తర్వాత ఊరబెట్టే క్యాబేజీ పీపా. అవి ముగిసేసరికి ఇలవేల్పు పండగ నెత్తిమీదికొచ్చింది. దేవదూత మిఖాయిల్ ఆ ఇంటి ఇలవేల్పు. ఆ ఇంటి అంటే జీవొరాద్ వంశానికి. అక్కడి ఆడవాళ్ళకి ఇలవేల్పు కూడా మొగుడితోపాటే వస్తాడు. పండగనాడు పిలవకుండానే జనం వస్తారు, వచ్చినవాళ్ళకి కడుపునిండా పెట్టకపోతే తలవంపులు. మిగతా ఇళ్ళ ఇలవేల్పులు ఒకప్పుడు బతికి పోయిన పుణ్యాత్ములు, వాళ్ళకైతే గోధుమలు ఉడికించి తీపి కలపాలి, చనిపోయినవాళ్ళ ఆత్మశాంతికని. మిఖాయిల్‌కి చావు లేదు కాబట్టి ఆ గోధుమల పని లేదు. ఆ ఒక్క పని తగ్గించినందుకు ఒలివేరాకి ఆయనంటే గౌరవం. ప్రాణాలు తీసుకుపోయేది కూడా ఆయనేనంటారు.

నవంబరు మొదట్లో ఒకరోజు కిటికీలు కడిగి, తెరలు ఉతికి ఆరేసి, ఒళ్ళంతా మురికై స్నానానికి వెళ్ళింది. సబ్బు రాసుకుంటుంటే కుడిరొమ్ము పైభాగాన వేళ్ళకి ఏదో అడ్డుతగిలింది. ప్లమ్ పండు గింజంత ఉంది. గట్టిగా ఉంది, కదలడం లేదు. వేలు తీసేసింది. మళ్ళీ పెట్టింది. ఉంది. నీళ్ళు కట్టెయ్యడం మర్చిపోయింది. నెలనెలా తడిమి చూసుకోమని నర్సు నేర్పింది, చూసుకుంటూనే ఉండేది, మిరపకాయలు వచ్చినప్పట్నించీ తీరిక దొరక్క మానేసింది. ఆ రోజుల్లో ఆమె చేతికి తగలని వస్తువంటూ ఆ ఇంట్లో లేదు, కాయ కాయనీ తడిమింది, సీసా సీసానీ తుడిచింది. తన ఒళ్ళొక్కటే మర్చిపోయింది. ఉన్నది ఇది ఒక్కటే, ఇదీ తీసేస్తారు. తీసేస్తే బతుకుతానా? లేక ఈపాటికే లోపలెక్కడికో పాకిపోయిందా? మళ్ళీ ఆ సూదులు, ఆ వాంతులు, మందు ఎక్కించే గదిలో ఆ కుర్చీల వరస, పక్క కుర్చీలో ఆమె మరుసటి వారం కనబడకపోవడం. బతకాలని ఇంత పిచ్చిగా ఉందని ఆమెకి అప్పటిదాకా తెలియదు. ఎవరి కోసమో కాదు, ఊరికే, తన కోసమే బతకాలని ఉంది. బయటినుంచి అత్తగారు తలుపు కొట్టింది. “అమ్మాయ్, నీళ్ళు అన్నీ అవగొట్టకు, వాడింకా చెయ్యాలి.”

ఎవరికీ చెప్పలేదు. పండగకి మంచి కొవ్వొత్తి కొనాలన్న వంకతో నీష్ పట్నానికి వెళ్ళి, ఇంతకుముందు వైద్యం చేయించుకున్న పెద్దాసుపత్రిలో చూపించుకుంది. లావుపాటి సూది గుచ్చి ముక్క తీశారు, పట్టీ వేశారు, పండగ ముందురోజు ఫలితానికి రమ్మన్నారు. కొవ్వొత్తి కొనడం మర్చిపోయి ఇంటికొచ్చింది. దానికి జీవొరాద్ ముచ్చటపడ్డాడు. “కొవ్వొత్తి కోసం నీష్ వెళ్ళి కొవ్వొత్తి లేకుండా వచ్చావా! నీ బుర్ర ఆ మందులతోనే పోయింది,” అని పెద్దగా నవ్వాడు. కాల్చడం తప్ప వంటలో ఏమీ తెలియకపోయినా ఆ రాత్రి చారులో ఉప్పు తగ్గిందని మాత్రం కనిపెట్టాడు. ఆ తర్వాత ఆమె గుండెల మీద చెయ్యేసుకుని నిలబడిపోయినప్పుడల్లా రూజా చూసి, “ఎదురెదురు కిటికీలు తెరిచి తుడిచావు. ఎదురుగాలి కొట్టింది నీకు,” అని తీర్పు చెప్పింది. ఆవిడ లెక్కలో లోకంలోని సగం రోగాలు ఎదురుగాలి వల్లే వస్తాయి. నిజంగా ఎదురుగాలే అయితే ఎంత బాగుండునని ఒలివేరా ప్రార్థన చేసినంత పని చేసింది. కేకుకి అక్రోట్లు కొట్టింది, క్యాబేజీ ఆకుల్లో మాంసం చుట్టింది, ఇస్త్రీ చేసింది. వచ్చే ఏడాది ఈ తెల్ల దుప్పటి బల్లమీద ఎవరు పరుస్తారా అని ఇస్త్రీపెట్టె అలాగే ఆనించి ఉంచేసింది. దుప్పటి మాడింది. మాడిన చోట పూలకుండీ పెట్టొచ్చులే అనుకుంది.

పండగ ముందురోజు వాన. గొడుగేసుకుని మొదటి బస్సుకే వెళ్ళింది, ఈసారి కొవ్వొత్తి తప్పకుండా తెస్తానని చెప్పి. పిలుపు రాగానే తడిగొడుగు చేత్తో పట్టుకునే లేచింది.

“కాదు,” అంది డాక్టర్ స్మిల్యా, ఆమె ఇంకా గుమ్మంలో ఉండగానే. “క్యాన్సర్ కాదు. వచ్చి కూర్చోండి.”

ఒలివేరా కూర్చోలేదు, కూలబడింది. ఏడుపు వస్తుందనుకుంది గానీ రాలేదు, ఆవలింత వచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, “క్షమించండి,” అంది. “ఫర్వాలేదు, ఆవలించండి. ఎన్నాళ్ళైందో నిద్రపోయి,” అంది డాక్టరు. ఆవిడా ఇంచుమించు ఈమె వయసుదే, కళ్ళజోడు ముక్కు చివరికి జారి ఉంది. “అది చచ్చిపోయిన కొవ్వు. ఒకేచోట గట్టిగా దెబ్బ తగిలితే లోపల కొవ్వు నలిగిపోయి అలా ముద్దకడుతుంది. దానంతటదే తగ్గుతుంది.” అంతవరకూ చెప్పి, లేచి వెళ్ళి తలుపు మూసి వచ్చింది. గొంతు తగ్గించింది. “ఒలివేరా గారూ, ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఇంట్లో ఎవరైనా మీ మీద చెయ్యి చేసుకుంటారా?”

“నా మీదా? అబ్బే, లేదండీ! మా ఆయన ఈగని కూడా కొట్టడు. కొట్టమని నన్ను పిలుస్తాడు.”

డాక్టరుకి నవ్వొచ్చింది గానీ ఆపుకుంది. “ఎక్కడైనా పడ్డారా?”

“లేదు.”

“కారులో వెళ్తుంటే బెల్టు గట్టిగా లాగిందా?”

“మాకు కారు లేదు.”

“పోనీ ఈ మధ్య బరువు పనులేమైనా? సెప్టెంబరులో ఏం చేశారు?”

“సెప్టెంబరులో ఏం చేస్తాం? ఐవారే.”

డాక్టరు కలం కింద పెట్టేసింది. “మీ ఎడమచెయ్యి ఎత్తకూడదు కదా. ఒంటిచేత్తో ఎలా తిప్పారు? ఒకసారి చూపించండి.”

చూపించడానికేముంది అనుకుంటూ ఒలివేరా లేచి, మూసిన తడిగొడుగు మొన కిందికి పెట్టి పట్టుకుని, గుండిగ ముందు నిలబడినట్టే నిలబడింది. కుడిచెయ్యి కర్ర మధ్యకి వెళ్ళింది. ఒళ్ళు ముందుకి వాలింది. ఎవరూ చెప్పకుండానే, ఏమీ ఆలోచించకుండానే, గొడుగు పిడి పైకి వచ్చి కుడిరొమ్ము పైభాగాన ఆనింది. సరిగ్గా అక్కడే. చురుక్కుమంది. చెయ్యి చాలని చోట ఆ తెడ్డుని ఒళ్ళంతా వేసి తోసింది ఆమె, బస్తా తర్వాత బస్తా, ఎదురుగా అత్తగారు తిప్పు తిప్పు అంటుంటే. ఇద్దరూ ఆ పిడి ఆనిన చోటుకేసి చూశారు.

“ఓరి దేవుడా,” అంది ఒలివేరా.

“మాదీ మీ పక్కే, వ్లాసొతిన్సే,” అంది డాక్టరు. “మా అమ్మ పొట్టకి ఆనించుకునేది. నవంబరుదాకా పొట్టమీద కమిలిన మచ్చ ఉండేది. చిన్నప్పుడు మిరపకాయల రంగు అంటుకుందేమో అనుకునేదాన్ని. సబ్బుపెట్టి తోమబోతే చెయ్యి తోసేసేది.” అప్పుడు నవ్వింది, నవ్వలేక నవ్వినట్టు. ఒలివేరా కూడా నవ్వింది. నవ్వుతుంటేనే, ఇందాక రాని ఏడుపు వచ్చింది. డాక్టరు ఆమెకి కాగితపు రుమాలు అందించి, కళ్ళజోడు తీసి తనూ ఒకటి తీసుకుంది.

“రెండు నెలలు బరువుపని వద్దు. మూడో నెలలో ఒకసారి వచ్చి చూపించుకోండి. ఇకముందు ఆ తెడ్డు ఇంకెవరికైనా ఇవ్వండి. మీరు చాలా ఏళ్ళు బతకాలి, అవసరమా ఇది?”

ఆసుపత్రి మెట్లు దిగుతుంటే కాళ్ళు తేలిగ్గా ఉన్నాయి. వాన పడుతోంది, గొడుగు తెరవాలని తోచలేదు. ఎవరూ కొట్టలేదు అని డాక్టరుతో ఎంత గట్టిగా చెప్పింది! నిజమే, ఎవరూ కొట్టలేదు. చెయ్యెత్తినవాళ్ళు లేరు, తిట్టినవాళ్ళు లేరు. దిండు సర్దారు, తలలూపారు, ఇంకో బస్తా తెచ్చారు. కొట్టి ఉంటే జనానికి చెప్పుకునేది, దూన్యా దగ్గరికి వెళ్ళిపోయేది. ఇది ఎవరితో చెప్పుకోవాలి? పచ్చడి నా రొమ్ము మీద కొట్టిందనా? ఆ మాట పైకే అనేసుకుని, రోడ్డు మధ్యలో ఒక్కతే పకపకా నవ్వింది. గొడుగు కింద వెళ్తున్న ముసలాయన తప్పుకుని నడిచాడు. బతుకుతాను. ఆ ఒక్క ముక్క లోపల గిరగిరా తిరుగుతోంది. మిగతావన్నీ తర్వాత ఆలోచించుకోవచ్చు. బస్సు స్టేషను దగ్గర ఒక బండి మీద నిప్పుల్లో మాంసం కాలుస్తున్న వాసన కొట్టింది. ఎన్ని సార్లు ఆ బండి పక్కనుంచి వెళ్ళిందో, ఒంటరిగా నిలబడి తినడం ఏమిటని ఎప్పుడూ ఆగలేదు. ఆగింది. “పెద్దది వెయ్యి. ఉల్లిపాయ బాగా పెట్టు,” అంది. “ఇంటికెళ్ళాక మీ ఆయన దగ్గరికి రానివ్వడమ్మా!” అన్నాడు బండివాడు. “రానివ్వకపోతే నిద్ర బాగా పడుతుంది. ఇంకాస్త పెట్టు,” అంది. వానలో తడుస్తూ, మోచేతిదాకా కొవ్వు కారుతున్నా తుడుచుకోకుండా, రొట్టెముక్కతో సహా మొత్తం తినేసింది. అంత రుచిగా ఏదైనా తిని ఎన్నాళ్ళయిందో ఆమెకి గుర్తురాలేదు. వేళ్ళు నాకి, కొవ్వొత్తి కొని, బస్సెక్కి, దారంతా నోరు తెరుచుకుని నిద్రపోయింది.

ఇంటికొచ్చేసరికి వంటింట్లో దీపం వెలుగుతోంది. జీవొరాద్ బల్ల దగ్గర కూర్చుని బంగాళాదుంపలు చెక్కుతున్నాడు. చెక్కు కన్నా దుంపే ఎక్కువ పోతోంది. పొయ్యి పక్కన రూజా శాలువా కప్పుకుని ఉంది. ఇద్దరూ ఒకేసారి తలెత్తారు. అతని మొహం పాలిపోయి ఉంది.

“చెత్తబుట్టలో పట్టీ చూశానమ్మాయ్, నువ్వు మొదట నీష్ వెళ్ళొచ్చిన మర్నాడే,” అంది రూజా. “పండగ ముందు ఇంట్లో ఏడుపులెందుకని వీడికి చెప్పలేదు. ఇవాళ ఇంక ఆగలేకపోయాను.”

అన్నాళ్ళూ తెలిసే అక్రోట్లు కొట్టించిందన్నమాట. ఒలివేరా కోటు విప్పి కొక్కానికి తగిలించింది.

“ఏమన్నారు?” అన్నాడు జీవొరాద్. చాకు ఇంకా చేతిలోనే ఉంది.

“క్యాన్సర్ కాదు,” అంది ఒలివేరా. ఆ వంటింట్లో ఆ పేరు పలకడం అదే మొదటిసారి. గోడలేమీ కూలలేదు. “దెబ్బ తగిలి కొవ్వు గడ్డకట్టింది. తెడ్డు దెబ్బ. చెయ్యి చాలక ఆ పిడి ఇక్కడ ఆనించి తోశాను. అంతే.”

రూజా మూడుసార్లు శిలువ గుర్తు వేసుకుంది. ఎప్పటిలా కోడలివైపు కాక తన పొట్టవైపు చూసుకుని, అక్కడ చెయ్యి పెట్టుకుంది. జీవొరాద్ రెండు చేతుల్లో మొహం దాచుకుని భుజాలు కదిలేలా ఏడ్చాడు. అతని ఏడుపు నిజం. ఒలివేరాకి ఆ సంగతి తెలుసు, దగ్గరికి వెళ్ళి జుట్టు నిమిరింది కూడా. నిమురుతుంటే అతను ముక్కు ఎగపీల్చి, ఉల్లిపాయ వాసనకి కాస్త వెనక్కి జరిగి, తడికళ్ళతో నవ్వాడు.

“అమ్మయ్య, దేవుడు కాపాడాడు. ఇదంతా ఆ తెడ్డు పొట్టిగా ఉండబట్టే. వచ్చే ఏడాదికి నీకు పొడుగుది చేయిస్తాను, మంచి బీచ్ కర్రతో. పిడికి గుడ్డ చుట్టిస్తాను, మెత్తగా.”

అతను ప్రేమతోనే అన్నాడు. ఒలివేరా అతని జుట్టులోంచి చెయ్యి తీసుకుంది. కుర్చీ లాక్కుని బల్ల దగ్గర కూర్చుంది. కోపం వస్తుందేమోనని చూసింది, రాలేదు. కడుపునిండా తిన్నది, దారంతా నిద్రపోయింది, బతకబోతోంది. ఎన్నడూ లేనంత హాయిగా ఉంది.

“డాక్టరు నన్ను ఇంక గుండిగ దగ్గరికే వెళ్ళొద్దంది,” అంది.

జీవొరాద్ తల్లివైపు చూశాడు. రూజా నిప్పులవైపు చూస్తోంది.

“వెళ్ళొద్దంటే, ఎన్నాళ్ళు?” అన్నాడు.

“నేను పోయేదాకా,” అంది ఒలివేరా. “దానికింకా చాలా ఏళ్ళుందని కూడా చెప్పింది.”